రక్తం సెప్టిక్ అవడం అంటే ఏమిటి? సూది మత్తు తెచ్చే ముప్పు



ఈ సంచికలో ఆరోగ్య పాఠం రాసే పని మాకు అప్పగించారు. మేమంతా ఈ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాళ్లమే. మాలో ల్యాబ్ టెక్నీషియన్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, మందుల షాపు నడుపుకునేవారూ ఉన్నారు. మలేరియా, డెంగీ, రక్తహీనత గురించి మీకు పాఠ్యపుస్తకాలలో ఎలాగూ వస్తుంది. పుస్తకాలలో రానిదీ, ఇంట్లో ఎవరూ మాట్లాడనిదీ అయిన ఒక విషయాన్ని ఈసారి ఎంచుకున్నాం. మత్తు మందును సూదితో నరంలోకి ఎక్కించుకునేవారికి రక్తంలో బాక్టీరియా చేరి వచ్చే జబ్బు గురించి ఈ పాఠం.

"మన నంద్యాల, ఆళ్లగడ్డలలో ఇలాంటివి ఎక్కడున్నాయి? ఇది పంజాబు, మణిపూరుల గొడవ కదా" అని కొందరు అనవచ్చు. మొదట మేమూ అలాగే అనుకున్నాం. కానీ కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వే చూడండి. మన దేశంలో సూదితో మత్తు తీసుకునేవారు సుమారు 8.5 లక్షల మంది ఉంటారని అందులో అంచనా వేశారు. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్, ఢిల్లీలతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పేర్లు కూడా ఉన్నాయి. పత్రికలలో మనం చదివేది ఎక్కువగా గంజాయి గురించే. సూది వార్త బయటకు రాదు. వేసుకునేవాడు మూసిన తలుపు వెనుక వేసుకుంటాడు, జబ్బు చేస్తే ఇంట్లోవాళ్లు "విషజ్వరం" అని చెబుతారు.

చర్మం అనే గోడ

పాఠం చర్మంతో మొదలుపెట్టాలి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క శిల్పుల షెడ్లు మీరు చూసే ఉంటారు. ఉలి జారి వేలు తెగడం, రాతిపెచ్చు ఎగిరి గుచ్చుకోవడం వారికి కొత్త కాదు. ఒక గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ పనిలో కూర్చుంటారు. అన్నిసార్లు తెగినా ఎక్కువసార్లు ఏమీ కాకపోవడానికి కారణం ఉంది. గాయం పైపైన ఉన్నంతవరకు శరీరం దాన్ని అక్కడికక్కడే కట్టడి చేస్తుంది. తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి సూక్ష్మజీవులను మింగేస్తాయి. ఆ పోరాటంలో చచ్చినవాటి కుప్పనే మనం చీము అంటాం.

హాస్టల్ పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ గజ్జి. ఒకరికి వస్తే గదికంతా వస్తుంది. రాత్రంతా గోకుతాం. గోకినచోట పుండు పడి చీము పడుతుంది. గజ్జిని తెచ్చేది కంటికి కనిపించనంత చిన్న పురుగు, చీము పట్టించేది మాత్రం వేరే జీవి. దాని పేరు స్టాఫిలోకాకస్ ఆరియస్. సూక్ష్మదర్శినిలో చూస్తే ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది. ల్యాబులో పెంచితే బంగారు పసుపు రంగులో పెరుగుతుంది కనుక, లాటిన్‌లో బంగారానికున్న పేరు నుంచి దానికి ఆరియస్ అన్న పేరు వచ్చింది. ఇదేమీ అడవిలోనుంచి వచ్చే జీవి కాదు. ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరి ముక్కులో హాయిగా కాపురముంటుంది. ఈ పాఠం చదువుతున్న గదిలో 30 మంది ఉంటే పదిమంది దాకా దాన్ని మోస్తున్నారన్నమాట. చర్మం మీద ఉన్నంతకాలం దాని వల్ల పెద్ద హాని లేదు. గోడ దాటి లోపలికి వచ్చినప్పుడే అది శత్రువు.

సూదితో మత్తు ఎక్కించుకోవడం అంటే ఆ గోడకు కావాలని కన్నం వేయడమే, అదీ నేరుగా రక్తనాళంలోకి. శిల్పి వేలికి గాయమైనప్పుడు అక్కడికక్కడే కాపలా కాసే వాపు, చీము లాంటి అడ్డుకట్టలు ఇక్కడ పనికిరావు. దొంగ కాంపౌండు గోడ దూకలేదు, సరాసరి పడకగదిలో దిగాడు.

"సెప్టిక్" అనే మాటతో వచ్చిన తంటా

మన వైపు ఏ గాయమైనా "సెప్టిక్ అవుతుంది, సెప్టిక్ ఇంజెక్షన్ వేయించుకో" అంటారు. ఆ ఇంజెక్షన్ టీటీ. ఇప్పుడు దాని స్థానంలో టీడీ ఇస్తున్నారు. ఇది వేయించుకుంటే ఇక సెప్టిక్ కాదని మన పెద్దల గట్టి నమ్మకం. చదువుకున్నవాళ్లు కూడా ఇదే నమ్ముతున్నారు కనుక కాస్త గట్టిగానే చెబుతున్నాం. టీటీ కాపాడేది ధనుర్వాతం నుంచి. టీడీ దానితో పాటు కంఠసర్పి నుంచి కూడా కాపాడుతుంది. చీము పట్టించే బాక్టీరియా మీద గానీ, రక్తంలోకి చేరిన బాక్టీరియా మీద గానీ వాటి ప్రభావం ఏమీ లేదు. టీటీ వేయించుకోవడం మంచిదే. అది వేయించుకున్నాం కదా అని జ్వరాన్ని పట్టించుకోకుండా కూర్చోవడమే ప్రమాదం.

రక్తంలో బాక్టీరియా చేరి, దానికి శరీరం అదుపు తప్పిన రీతిలో ఎదురుతిరిగి, ఆ తిరుగుబాటులో మన అవయవాలే దెబ్బతినడాన్ని వైద్యులు సెప్సిస్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు కుళ్లడం అని అర్థం. మన పెద్దలు "రక్తం విషమెక్కింది" అనేవారు. ఆ మాట ఈ జబ్బుకు బాగానే సరిపోతుంది. 2017లో ప్రపంచం మొత్తం మీద సుమారు 4 కోట్ల 90 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందనీ, 1 కోటి 10 లక్షల మంది దానితో ముడిపడిన కారణాల వల్ల చనిపోయారనీ 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క. ఇందులో బాలింతలు, పసిపిల్లలు, ముసలివారు, న్యుమోనియా రోగులు అందరూ ఉన్నారు. సూది మత్తువారు అందులో ఒక భాగం మాత్రమే. అయితే వారికి ఈ జబ్బు వచ్చే దారి వేరు.

సూది నుంచి గుండెకు, గుండె నుంచి ఊపిరితిత్తులకు

ఈ భాగాన్ని పదో తరగతి జీవశాస్త్రంలోని రక్తప్రసరణ బొమ్మ పక్కన పెట్టుకుని చదవండి.

చేతి సిరలో దిగిన బాక్టీరియా రక్తంతో పాటు ముందుగా గుండె కుడి కర్ణికకు, అక్కడినుంచి కుడి జఠరికకు పోతుంది. పెద్దవారిలో రక్తం సుమారు 5 లీటర్లు. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె ఆ 5 లీటర్లనూ దాదాపు ఒక నిమిషంలో ఒకసారి తిప్పేస్తుంది. అంటే సూది తీసేసి దూది అద్దేలోపే బాక్టీరియా గుండెను తాకి వెళ్లిపోతుంది. చాలాసార్లు శరీరం దాన్ని మధ్యలోనే చంపేస్తుంది. కానీ రోజుకు రెండుమూడుసార్లు, నెలల తరబడి పొడుచుకుంటున్నప్పుడు అన్నిసార్లూ శరీరమే గెలవదు.

కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్య ఉన్న తలుపు పేరు అగ్రత్రయ కవాటం. మూడు రెక్కలుంటాయి. బాక్టీరియా ఆ రెక్కల మీద అతుక్కుని, రక్తం గడ్డలతో కలిసి చిన్న కాలీఫ్లవర్ ముక్కలా పెరుగుతుంది. దీనినే ఎండోకార్డైటిస్ అంటారు. మామూలు మనుషులలో ఈ జబ్బు ఎక్కువగా గుండె ఎడమవైపు కవాటాలకు వస్తుంది. కుడివైపు కవాటానికి వచ్చిందంటే, డాక్టర్ మొదట అనుమానించే వాటిలో సూది మత్తు ఒకటి. సూది అలవాటు సంగతి రోగి దాచినా గుండె స్కానింగ్ బయటపెట్టేస్తుంది.

ఆ కాలీఫ్లవర్ ముక్కలు తెగిపడితే ఎక్కడికి పోతాయి? బొమ్మలో చూడండి, కుడి జఠరిక నుంచి పుపుస ధమని ఊపిరితిత్తులకు పోతుంది. ముక్కలు అక్కడ ఇరుక్కుని చీముగడ్డలు కడతాయి. రోగికి దగ్గు, శ్వాస తీసుకుంటే పక్కటెముకల్లో పోటు, ఒక్కోసారి కఫంలో రక్తం. ఊళ్లో అందరూ టీబీ అనుకుంటారు. బాక్టీరియా రక్తంతో పాటు వెన్నెముకకు పోతే కదలనివ్వని నడుంనొప్పి వస్తుంది. కీలులో చేరితే మోకాలు కుండలా వాస్తుంది. ఎడమవైపు కవాటాలకు కూడా సోకితే ముక్కలు మెదడుకు ఎక్కి, పాతికేళ్ల కుర్రవాడికి పక్షవాతం వస్తుంది.

అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ 2018లో ఒక అధ్యయనం ప్రచురించింది. మందులకు లొంగని స్టాఫిలోకాకస్ లోపలికి చొరబడి తెచ్చే తీవ్ర జబ్బులు, సూది మత్తు తీసుకునేవారికి ఇతరులకంటే 16 రెట్లు ఎక్కువగా వస్తున్నాయని అందులో తేలింది. సూదిని పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ వస్తాయని మీకందరికీ తెలుసు, గోడల మీద రాతలు చూశారు. కానీ బాక్టీరియా విషయంలో సూది పంచుకోకపోయినా ముప్పు పూర్తిగా తప్పదు. సొంత సూదే అయినా, అది పొడిచేది సొంత చర్మాన్నే. ఆ చర్మం మీద ఏముందో పైన చెప్పుకున్నాం. వాడిన సూదినే మళ్లీ వాడినా, దాన్ని నాలుకతో తడిపినా, కుళాయి నీళ్లు కలిపినా సూక్ష్మజీవుల జాబితా పెరుగుతూ పోతుంది. నోటిలోవి, నీటిలోవి అన్నీ వచ్చి చేరతాయి.

దొమ్మ రోగం స్కాట్లండుకు ఎలా వచ్చింది?

"మందును వేడి చేస్తారు కదా, సూక్ష్మజీవులు చావవా?" అని అడిగేవారున్నారు. గొర్రెలు కాచే ఇళ్ల పిల్లలకు దొమ్మ రోగం తెలుసు. ఉన్నట్టుండి గొర్రె పడి చనిపోతుంది, ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంది. ఆ కళేబరాన్ని కోయవద్దనీ, లోతుగా పూడ్చి సున్నం చల్లమనీ పశువుల డాక్టరు చెబుతాడు. ఎందుకంటే ఆ జీవి, అంటే ఆంత్రాక్స్ బాక్టీరియా, మట్టిలో గింజలాంటి సిద్ధబీజాలుగా మారి ఏళ్ల తరబడి బతుకుతుంది. వాటిని కాసేపు వేడి చేసినంత మాత్రాన ఏమీ కావు.

2009 డిసెంబరులో స్కాట్లండులో హెరాయిన్ ఎక్కించుకునేవారిలో ఇదే ఆంత్రాక్స్ బయటపడింది. 2010 చివరికి 119 మందికి సోకినట్లు లెక్కతేలింది, వారిలో 14 మంది చనిపోయారు. ఆ మనుషులు గొర్రెల మంద దగ్గరికి వెళ్లినవారు కాదు. దొంగచాటుగా దేశాలు దాటి వచ్చే మత్తుపొడి దారిలో ఎక్కడో కలుషితమైంది. బహుశా మేకతోళ్ల ద్వారా అయి ఉంటుందని పరిశోధకుల అనుమానం. మందుల షాపులో కొనే ఇంజెక్షన్ సీసా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఆ పొడికి బ్యాచ్ నంబరు ఏదీ? అది ఎన్ని చేతులు మారిందో, అందులో ఏం కలిపారో అమ్మినవాడికి కూడా తెలియదు.

జ్వరమా, మత్తు దిగిన బాధా?

మా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. మిగతాది మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

హెరాయిన్ వంటి మందులకు అలవాటుపడ్డవాడికి సమయానికి అది అందకపోతే ఒళ్లునొప్పులు, చలి, చెమట, ముక్కు కారడం, ఆవలింతలు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రక్తంలో బాక్టీరియా చేరినప్పుడూ చలి, చెమట, ఒళ్లునొప్పులే వస్తాయి. కనుక ఆ కుర్రవాడు తనకు మత్తు దిగిందనుకుంటాడు. మళ్లీ ఒక సూది వేసుకుంటాడు. మత్తు మందు నొప్పిని తగ్గించే గుణం కలది కనుక కాసేపు బాధ తగ్గినట్లే ఉంటుంది. లోపల బాక్టీరియా మాత్రం రెట్టింపవుతూనే ఉంటుంది. ఇలా రెండుమూడు రోజులు పోతాయి. సెప్సిస్‌లో గంట గంటకూ ప్రాణానికి ముప్పు పెరుగుతుంది. అలాంటిది మూడు రోజులంటే ఎంతో ఆలోచించండి.

తేడా ఎలా తెలుసుకోవాలి? ఒట్టి మత్తు దిగిన బాధలో జ్వరం వస్తే స్వల్పంగానే ఉంటుంది. పళ్లు కొట్టుకునేంత వణుకుతో 101, 102 డిగ్రీలు దాటితే అది మత్తు దిగడం కాదు. కూర్చున్నచోటే ఆయాసం, గుండె దడదడ, మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, చేతులు కాళ్లు చల్లబడటం, సూది పొడిచినచోట ఎర్రగా వాచి కాలడం, వెన్నులో తగ్గని నొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. కొందరిలో జ్వరం రాకుండా ఒళ్లు మామూలుకంటే చల్లబడిపోవడం కూడా జరుగుతుంది. జ్వరం లేదు కదా అని ధైర్యపడకూడదు.

ఇక్కడ మన ఊళ్ల అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. "పెద్దాసుపత్రికి ఎందుకు అబ్బీ, ఒక సూది వేయించుకో, పొద్దున్నకి తగ్గిపోతాది" అంటారు. ఏ చిన్న క్లినిక్‌లోనో ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడుతుంది. ఆ ఒక్కదానితో జ్వరం ఒకరోజు తగ్గి, మళ్లీ ఇంకా గట్టిగా వస్తుంది. పైగా ఆ తర్వాత పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే సూక్ష్మజీవి దొరకకపోవచ్చు. సగం చచ్చి, సగం దాక్కుని ఉంటుంది.

రక్తాన్ని సాగు చేయడం

ఆ పరీక్ష పేరు బ్లడ్ కల్చర్. మాలో ల్యాబువాళ్లు ఇది రాయందే ఊరుకోమన్నారు. రైతు భాషలో చెప్పాలంటే రక్తాన్ని నాటి పంట తీయడం. చర్మాన్ని స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి, రెండు వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీసి, పోషక ద్రవం ఉన్న సీసాలలో వేస్తారు. శరీర ఉష్ణోగ్రత దగ్గర పొదుగుతారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులలో ఏదైనా ఉంటే మొలుస్తుంది. రెండు చోట్ల ఎందుకంటే, ఒక్కచోట తీసినప్పుడు చర్మం మీది జీవి సీసాలో పడిందా, నిజంగా రక్తంలోనే ఉందా అన్నది తేలదు. మొలిచిన జీవి మీద ఒక్కొక్క యాంటీబయాటిక్ బిళ్ల పెట్టి, ఏది చంపుతుందో చూస్తారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలనడానికి కారణం ఇదే. అలాగని ఫలితం వచ్చేదాకా మందు ఆపరు. రక్తం తీసిన వెంటనే అందాజుగా మందు మొదలుపెట్టి, ఫలితం చూశాక మారుస్తారు.

ఈ మందుల విలువ తెలియాలంటే 1941 నాటి ఒక సంగతి వినాలి. ఇంగ్లండులో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ముఖం మీది గాయం చీముపట్టి, స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్‌లు ఒళ్లంతా పాకాయి. ఒక కన్ను తీసేశారు. ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డులో ఆయనకు పెనిసిలిన్ మొదలుపెట్టారు. రోజు తిరిగేసరికి జ్వరం తగ్గింది, ఆకలి వేసింది. కానీ ప్రపంచంలో ఉన్న పెనిసిలినే అంత. ఆయన మూత్రంలో పోయినదాన్ని కూడా వడగట్టి మళ్లీ ఎక్కించారు. ఐదు రోజులకు అదీ అయిపోయింది. జబ్బు తిరగబెట్టి మార్చి 15న ఆయన చనిపోయారు. మందు పనిచేయక కాదు, మధ్యలో ఆగిపోయినందుకు.

ఆ తర్వాత ఏడేళ్లకే, 1948లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తుండగా, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని జీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ లోకానికి వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. దాని పేరులోనూ బంగారమే ఉంది. అదే ఏడాది సుబ్బారావు గారు కన్నుమూశారు. సూక్ష్మజీవులూ ఊరుకోలేదు. పెనిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ 1940లలోనే కనిపించింది. దాని కోసం తయారుచేసిన మెథిసిలిన్‌కు కూడా లొంగనిది 1961లో ఇంగ్లండులో బయటపడింది. ఇప్పుడు అది మన ఆసుపత్రులలోనూ మామూలే. కనుకనే అందాజు మందు చాలదు, కల్చర్ కావాలి.

ఆరు వారాల మంచం

గుండె కవాటానికి సోకితే వైద్యం సాధారణంగా 4 నుంచి 6 వారాలు, అదీ నరం ద్వారా ఇచ్చే మందులతో. మాత్రలు రాసిచ్చి పంపే జబ్బు కాదు. సూది అలవాటున్నవారు ఇక్కడే ఓడిపోతారు. రెండోరోజుకు మత్తు దిగిన బాధ మొదలవుతుంది. అలవాటు సంగతి డాక్టరుకు చెప్పలేదు కనుక దానికి వైద్యం ఉండదు. ఓర్చుకోలేక, "నాకు నయమైంది" అని సంతకం పెట్టి వెళ్లిపోతారు. అప్పటికి కొంచెం జ్వరం తగ్గి ఉంటుంది కూడా. తర్వాత ఏమవుతుందో ఆ ఇంగ్లండు పోలీసు కథలో చూశాం. ఆయనకు మందు దొరకక ఆగింది, వీరికి మంచం పక్కనే మందు ఉండి ఆగుతుంది.

మత్తు దిగిన బాధకు కూడా వైద్యం ఉంది. బ్యూప్రినార్ఫిన్ వంటి మందును నాలుక కింద పెట్టి, మోతాదు ప్రకారం, డాక్టరు పర్యవేక్షణలో ఇస్తారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ తన కార్యక్రమంలో 2007-08 నుంచి ఈ పద్ధతిని చేర్చింది. ఇది ఒక మత్తుకు బదులు ఇంకో మత్తు ఇవ్వడమే కదా అని కొందరు పెదవి విరుస్తారు. మాకు అలా తోచదు. సూది ఆగితే గోడకు కన్నం పడటం ఆగుతుంది. మనిషి ఆరు వారాలు మంచం మీద నిలుస్తాడు. ప్రాణం నిలిచాక మిగతా సంగతులు మాట్లాడుకోవచ్చు.

కనుక డాక్టరుకు ఒక్క మాట చెప్పాలి. "సూదితో మత్తు తీసుకుంటున్నాను" అని. ఈ మాట వినగానే డాక్టరు ఆలోచించే దారి మారిపోతుంది. మామూలు జ్వరం మాత్రలకు బదులు కల్చర్, గుండె స్కానింగ్, సరైన యాంటీబయాటిక్, మత్తు దిగకుండా మందు, అన్నీ ఆ మాట వెంట వస్తాయి. ఆ మాట చెప్పినందుకు నర్సులు, డాక్టర్లు చిన్నచూపు చూసిన సందర్భాలు లేవని మేము అనము. ఆ రంగంలో ఉన్నవాళ్లం కనుక మా మనిషులకే చెబుతున్నాం. రోగి నోట ఆ మాట వచ్చినప్పుడు ముఖం చిట్లించిన నర్సు, ఆ తర్వాతి రోగి నోరు కూడా మూయించినట్టే.

జిమ్ సూది, గది బ్లేడు

మత్తు కోసం కాకపోయినా సూది జోలికి పోయేవారున్నారు. మెఫెంటెర్మైన్ అనే ఇంజెక్షన్ ఆపరేషన్ సమయంలో పడిపోయిన రక్తపోటును లేపడానికి వాడేది. కండలు, ఊపు వస్తాయని జిమ్‌లకు వెళ్లే యువకులకు దాన్ని దొంగచాటుగా అమ్ముతున్నవారిని ఇటీవలి సంవత్సరాలలో హైదరాబాదులో అధికారులు పట్టుకున్నారు. పోలీసు సెలక్షన్ల పరుగుకు సిద్ధమయ్యే మన తమ్ముళ్లు ఇది చెవిన వేసుకోవాలి. గుండె మీద దాని దెబ్బ ఒక ఎత్తు, శుభ్రత లేని సూది ఇంకో ఎత్తు.

మామూలు వైద్యం పేరుతో పడే సూదుల సంగతీ తక్కువది కాదు. 2002-03 ప్రాంతంలో దేశవ్యాప్తంగా జరిపిన ఒక పెద్ద పరిశీలనలో, భారతదేశంలో ఏటా సుమారు 300 కోట్ల ఇంజెక్షన్లు పడుతున్నాయనీ, వాటిలో నూటికి 60కి పైగా సురక్షితం కానివనీ తేలింది. ఆ తర్వాత ఒకసారి వాడి పారేసే సిరంజిలు బాగా పెరిగాయి. అయినా మీ కళ్లముందు కవరు చింపి కొత్త సిరంజి తీయమని అడగడానికి మొహమాటపడకండి. గదిలో ఒకే బ్లేడుతో నలుగురు గడ్డం గీసుకోవడం, ఒకే పిన్నీసుతో అందరి కాళ్లలో ముళ్లు తీయడం, సెగ్గడ్డను పచ్చిగా ఉండగానే చిదమడం, ఇవన్నీ మనం చేసినవే. వాటినీ మానాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు, నంద్యాల నుంచి కర్నూలు సుమారు 70. మనిషి మాట తడబడుతుంటే, ఆయాసపడుతుంటే బస్సు కోసం స్టాండులో నిలబడవద్దు, 108కి ఫోన్ చేయండి. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో సెలైన్, మొదటి మోతాదు యాంటీబయాటిక్ పడ్డాక అవసరమైతే వాళ్లే నంద్యాలకో, కర్నూలు సర్వజన వైద్యశాలకో పంపుతారు. వెంట వెళ్లేవారు రోగి ఏం వాడాడో, చివరిసారి ఎప్పుడు వాడాడో డాక్టరుకు ఒక్కరికే పక్కకు పిలిచి చెప్పినా చాలు.

పోలీసు కేసు భయం చాలామందిని ఇంట్లోనే ఉంచేస్తోంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. మత్తు వాడినందుకు గానీ, కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకు గానీ కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి మాన్పించే వైద్యం చేయించుకుంటే, ఆ నేరాలకు విచారణ నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం పూర్తిగా చేయించుకోకపోతే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. అమ్మేవాడికి ఈ రక్షణ లేదు.

మత్తు మాన్పించే సలహాకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే ఉచిత నంబరు 14446. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే 1097. ఫోన్ చేసేవారికే ఆ అలవాటు ఉండాలన్న నియమం లేదు. అన్నయ్యైనా, అమ్మైనా, పక్క మంచం మిత్రుడైనా చేయవచ్చు.